పెకింగ్ విశ్వవిద్యాలయ సారథి త్సాయ్ యువాన్‌పెయ్

విద్యార్జన కోసం చైనా దాకానైనా వెళ్ళవలసిందే అనే మాటను మక్తబులో కూర్చున్న నాటి నుండి మనం వింటూనే ఉన్నాం. ఆ మాట దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు పలికినదేనా కాదా అనే విషయంలో హదీసు వేత్తలకు సందేహాలున్నాయి. ఆ చర్చ పండితులకు వదలిపెడదాం. అయితే ఆ మాటను అన్నిసార్లు విన్న మనలో, చైనాలో విద్య ఏ విధంగా నడచిందో, అక్కడి విద్యాలయాలను తీర్చిదిద్దిన వారెవరో తెలిసినవారు బహు స్వల్పం. ఆ దేశపు ఆధునిక విద్యాచరిత్రలో ప్రథమగణ్యుడని చెప్పదగిన ఒక విశ్వవిద్యాలయాధ్యక్షుని జీవితాన్ని పాఠకులకు పరిచయం చేయాలని ఈ చిన్న ప్రయత్నం.

త్సాయ్ యువాన్‌పెయ్ 1868 జనవరి 11న చెజియాంగ్ రాష్ట్రంలోని షావ్‌షింగ్ పట్టణంలో జన్మించారు. తండ్రి ఒక ద్రవ్యవ్యాపారపు కొఠీకి మేనేజరు. అడిగినవారికి అప్పివ్వడమే తప్ప తిరిగి ఇమ్మని ఒత్తిడి చేయలేని మెత్తని మనిషి. అందువల్ల త్సాయ్‌కి పదేళ్ళ ప్రాయంలో తండ్రి కన్నుమూసేసరికి ఇంట్లో మిగిలింది మంచిపేరు మాత్రమే. బంధుమిత్రులు చందా వేసి ఆదుకుంటామంటే తల్లి అంగీకరించలేదు. నగలూ బట్టలూ అమ్ముకుని బిడ్డలను పెంచింది. ఇతరుల యెడల ఔదార్యం తండ్రి నుండి, తన విషయంలో కాఠిన్యం తల్లి నుండి ఆయనకు సంక్రమించాయని జీవితచరిత్రకారులు భావిస్తారు. ఈ రెండు గుణాలూ ఒకే వ్యక్తిలో ఉండటం అరుదు. పెద్ద పదవిలో ఉన్నవారిలో మరీ అరుదు.

ఆ రోజుల్లో చైనాలో ఉద్యోగానికి దారి ప్రాచీన గ్రంథాలలో నిర్వహించే రాజాస్థాన పరీక్షలే. ఒక్కొక్క మెట్టునూ దాటలేక తలనెరసిపోయిన విద్యార్థులు ఊరూరా ఉండేవారు. త్సాయ్ 1883లో మొదటి మెట్టు, 1889లో రెండవ మెట్టు దాటి, 1892లో, అంటే ఇరవై నాలుగేళ్ళ వయసులో, అత్యున్నత పట్టాన్ని సాధించి హాన్‌లిన్ పండిత పరిషత్తులో స్థానం పొందారు. అంతటి పదవి లభించినవాడు జీవితాంతం సుఖంగా కూర్చోవచ్చు. ఆయన కూర్చోలేదు. 1895లో జపాన్ చేతిలో చైనా ఘోర పరాజయం పొందింది. 1898లో యువచక్రవర్తి తలపెట్టిన సంస్కరణలు నూరు దినాలలో అణచివేయబడ్డాయి. మనుషులను తయారు చేయకుండా శాసనాలను తయారు చేయడం వల్లనే సంస్కర్తలు విఫలులయ్యారని త్సాయ్ అభిప్రాయం. రాజధాని వదలి స్వస్థలానికి వెళ్ళి, అక్కడి కొత్త పాఠశాల బాధ్యత స్వీకరించారు.

తరువాతి దశాబ్దంలోని ఒక సంఘటన ఆయన స్వభావాన్ని బాగా తెలుపుతుంది. 1902లో ఆయన షాంఘైలోని నాన్‌యాంగ్ పాఠశాలలో ఉపాధ్యాయులు. ఒకనాడు ఒక అధ్యాపకుని కుర్చీ మీద ఖాళీ సిరాబుడ్డి కనిపించింది. అది తనకు జరిగిన అవమానమని ఆయన ఆగ్రహించారు. విద్యార్థులను బహిష్కరించేవరకు వ్యవహారం వెళ్ళింది. సిరాబుడ్డి చిన్నది గాని, దాని వెనుక ఎంతోకాలంగా పేరుకున్న అసంతృప్తి పెద్దది. త్సాయ్ రాజీకి ప్రయత్నించారు. యాజమాన్యం వినలేదు. రెండు వందల మంది దాకా విద్యార్థులు బడి విడిచి వెళ్ళిపోగా, ఆయన కూడా రాజీనామా ఇచ్చి వారితో బయటికి నడిచారు. ఆ పిల్లలు చదువు లేక చెదిరిపోకూడదని మిత్రులతో కలిసి వారికోసం ఒక దేశభక్త పాఠశాలను నెలకొల్పారు. బాలికలకు మరొకటి ఏర్పడింది. ఆ కాలంలోనే ఆయన చక్రవర్తి ప్రభుత్వాన్ని కూలదోయగోరే రహస్య సంఘాలలో చేరారు. షాంఘైలో మందుగుండు తయారీ నేర్చుకున్న బృందంలో కూడా ఉన్నారు. అధ్యాపకునికి ఇది తగిన పని అని నేననను. కాని అక్కడ పరిచయమైన ఛెన్ దూష్యూ అనే యువకుడు తరువాత మన కథలోకి వస్తాడు.

1907లో త్సాయ్ జర్మనీకి వెళ్ళారు. మరుసటి సంవత్సరం, నలభయ్యవ ఏట, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా చేరారు. స్వదేశంలో మహాపండితుడని పేరు పొందిన వ్యక్తి, తన వయసులో సగం ఉన్న కుర్రవాళ్ళ మధ్య బల్ల మీద కూర్చుని, విల్‌హెల్మ్ వుంట్ వద్ద మనస్తత్వ శాస్త్రమూ, లాంప్రెక్ట్ వద్ద చరిత్రా విన్నారు. విశ్వవిద్యాలయం ఉద్యోగులను తయారుచేసే కార్ఖానా కాదనీ, సత్యాన్వేషణకు నెలవనీ ఆయన దృఢంగా నమ్మడానికి ఆ మూడేళ్ళే కారణం.

1912 జనవరిలో చైనా గణతంత్రమైంది. సన్ యట్ సెన్ ప్రభుత్వంలో త్సాయ్ విద్యాశాఖామంత్రి అయ్యారు. మంత్రిగా ఆయన చేసిన పనుల్లో ఒకటి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ఉపమంత్రి పదవికి తన పక్షం వారిని కాక, ప్రతిపక్షానికి చెందిన ఫాన్ యువాన్‌ల్యాన్ అనే విద్యావేత్తను బ్రతిమాలి తెచ్చుకున్నారు. విద్య పార్టీల చేతిలో బంతి కాకూడదన్నది ఆయన వాదం. కొద్ది నెలలకే అధికారం యువాన్ షికాయ్ నియంతృత్వంలోకి జారిపోగా, త్సాయ్ జూలైలో రాజీనామా చేసి మళ్ళీ ఐరోపాకు వెళ్ళిపోయారు. నాలుగేళ్ళ తరువాత ఆ ఫాన్ యువాన్‌ల్యానే విద్యామంత్రి అయి, ఫ్రాన్సులో ఉన్న త్సాయ్‌కి తంతి పంపి, పెకింగ్ విశ్వవిద్యాలయ పీఠాన్ని స్వీకరించమని కోరారు. ప్రతిపక్షం వాడికి చేసిన మర్యాద ఆ విధంగా తిరిగి వచ్చింది.

ఆ పీఠం పూలపాన్పు కాదు. 1898లో రాజాస్థాన విశ్వవిద్యాలయంగా వెలసిన ఆ సంస్థలో చదివేవారిలో ఎక్కువమంది అధికారుల పుత్రులు, లేదా అధికారులు కాగోరేవారు. తరగతికి హాజరయ్యేది పట్టా కోసం, పట్టా ఉద్యోగం కోసం. పాఠం చెప్పేవాని విద్వత్తుకన్నా ప్రభుత్వంలో అతని పలుకుబడినే శిష్యులు గణించేవారు. సాయంకాలమైతే జూదగృహాలు, వేశ్యావాటికలు వారికి విడిది. ఆ బురదలో దిగితే పేరు పోతుందని మిత్రులనేకులు హెచ్చరించారు. సన్ యట్ సెన్ వంటి కొద్దిమంది వెళ్ళమన్నారు. 1916 డిసెంబరులో నియామకం జరిగింది. 1917 జనవరి 4న త్సాయ్ బాధ్యతలు స్వీకరించారు.

ఆ మొదటి దినాన ద్వారం వద్ద నౌకర్లు వరుసగా నిలబడి కొత్త అధ్యక్షునికి వంగి నమస్కరించారు. అధ్యక్షులు తలయెత్తకుండా లోనికి వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. త్సాయ్ ఆగి, టోపీ తీసి, వారికి అదేవిధంగా వంగి ప్రతినమస్కారం చేశారు. చూసినవారు నివ్వెరపోయారు. ఇది లాంఛనమనుకునేవారికి తరువాతి చర్యలు సమాధానం చెప్పాయి. అధ్యక్షునికి విద్యార్థులు విన్నపపత్రాలు రాసుకునే పద్ధతి మాన్పించి, మామూలు ఉత్తరం రాస్తే చాలునన్నారు. 1918లో నౌకర్ల కోసం రాత్రి తరగతులు ప్రారంభించారు.

మందిని తీసివేయడం కొత్త అధికారికి సులభమైన పని. మంచివారిని తెచ్చుకోవడం కష్టం. త్సాయ్ రెండూ చేశారు. పాఠం చెప్పలేని విదేశీ అధ్యాపకులను తొలగించగా, బ్రిటిష్ రాయబారి స్వయంగా వచ్చి ఆక్షేపించాడు. తొలగింపు నిలిచింది. సాహిత్యశాఖకు డీనుగా ఛెన్ దూష్యూను తేవాలని సంకల్పించినపుడు, ఆ యువసంపాదకుడు పెకింగులో ఒక హోటలులో బస చేసి ఉన్నాడు. విశ్వవిద్యాలయాధ్యక్షుడు ఉదయమే అక్కడికి పలుమార్లు వెళ్ళారు. ఛెన్ ఆలస్యంగా నిద్రలేచే మనిషి. లేపవద్దని చెప్పి, లేచేవరకు త్సాయ్ బయట కూర్చుని వేచి ఉండేవారు. ఛెన్‌తో పాటు అతని 'కొత్త యువత' పత్రిక కూడా పెకింగు చేరింది. అమెరికా నుండి వచ్చిన హూ షీకి అప్పటికి ఇరవై ఆరేళ్ళు నిండలేదు, ఆచార్యపదవి లభించింది. ల్యాంగ్ షూమింగ్ సంగతి ఇంకా విచిత్రం. ఆయన చదువు మాధ్యమిక పాఠశాలతోనే ముగిసింది. వయసు ఇరవై నాలుగు. బౌద్ధాన్ని గురించి ఆయన రాసిన ఒక వ్యాసం చదివి, భారతీయ దర్శనాలను బోధించమని త్సాయ్ పిలిచారు. నాకేమీ తెలియదని ల్యాంగ్ వెనుదీస్తే, బాగా తెలిసినవారు మరెవరూ దొరకలేదు గనుక నేర్చుకుంటూ నేర్పమని నచ్చజెప్పారు. పట్టాలు లెక్కించి నియమించే నేటి ఏ సెలెక్షన్ కమిటీ ముందైనా ల్యాంగ్ నిలబడగలిగేవాడా అని నాకు అనుమానం.

ఇంతవరకైతే కొత్తవారిని చేరదీసిన అధ్యక్షుడని మాత్రమే చెప్పవలసి వచ్చేది. ఆయన విశిష్టత మరొకచోట ఉంది. అదే ఆవరణలో గూ హుంగ్‌మింగ్ ఆంగ్ల కవిత్వం బోధించేవారు. పెనాంగులో పుట్టి, ఎడిన్‌బరోలో చదివి, ఐరోపా భాషలెన్నో ఎరిగిన ఆ పండితుడు రాచరికం పోయినా తలవెనుక జడ కత్తిరించుకోని రాజభక్తుడు. గణతంత్రం కోసం మందుగుండు కూరిన త్సాయ్‌కి అంతకన్నా విరుద్ధమైన మనిషి ఉండడు. యువాన్ షికాయ్‌ని చక్రవర్తిని చేయబోయిన వారిలో ఒకడైన ల్యూ షిపెయ్ కూడా అక్కడ ప్రాచీన సాహిత్యం చెప్పాడు. వారి విద్య గొప్పది. విద్యార్థి వారి నుండి విద్యను తీసుకోగలడు, రాజకీయాలను తీసుకోనవసరం లేదు. త్సాయ్ ఆలోచన ఇది. ఒక గదిలో ప్రాచీన భాషను సమర్థించే ఆచార్యుడు, ప్రక్క గదిలో దానిని తూర్పారబట్టే ఆచార్యుడు. గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని చవిచూసిన తెలుగువారికి ఆ వేడి ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ ఇరుపక్షాలూ ఒకే జీతపు పట్టికలో ఉన్నాయి.

1917లోనే త్సాయ్ మతం స్థానాన్ని సౌందర్య విద్య ఆక్రమించాలని ప్రతిపాదిస్తూ ఉపన్యసించారు. కళలు మనిషిని స్వార్థం నుండి పైకెత్తుతాయనీ, మతాలు మనుషులను విభజిస్తాయనీ ఆయన అభిప్రాయం. విశ్వాసులమైన మనం ఈ వాదాన్ని అంగీకరించలేము. ఖురాన్ పఠనంలోని సౌందర్యం విశ్వాసం నుండి విడదీయగలిగినది కాదని మనకు అనుభవం. అయినా త్సాయ్‌ను తలచుకున్నప్పుడు నాకు తోచేదేమంటే, ఆయన విశ్వవిద్యాలయంలో ఈ మాట ఆయన ముఖానే చెప్పి, మరునాడు యథాప్రకారం పాఠం చెప్పుకోవడానికి నాకు చోటు ఉండేది.

1919 మార్చిలో ఈ పద్ధతికి పరీక్ష ఎదురైంది. విదేశీ భాష ఒక్కటీ రాకపోయినా, ఇతరులు చదివి చెప్పగా పాశ్చాత్య నవలలెన్నింటినో చైనా భాషలోకి తెచ్చిన వృద్ధ రచయిత లిన్ షూ, పెకింగ్ విశ్వవిద్యాలయం కన్‌ఫ్యూషియస్ ధర్మాన్ని, భాషను మంటగలుపుతున్నదని బహిరంగ లేఖ ప్రకటించాడు. ప్రభుత్వంలోని సేనాపతులకు కావలసింది అటువంటి సాకే. త్సాయ్ సమాధానం శాంతంగా, సవివరంగా ఉన్నది. ప్రతి ఆరోపణకూ ఆధారం ఏదని అడిగి, ఏ సిద్ధాంతమైనా హేతుబద్ధంగా నిలబడగలిగితే, దాని ఆయువు తీరనంతవరకు, పరస్పర విరుద్ధమైనవాటిని సైతం విశ్వవిద్యాలయం స్వేచ్ఛగా పెరగనిస్తుందని స్పష్టం చేశారు. అధ్యాపకునికి ప్రధానార్హత విద్వత్తేననీ, తరగతి వెలుపల అతని భావాలకు విశ్వవిద్యాలయం పూచీ పడదనీ కూడా చెప్పారు.

ఇక పరిపాలన. ఆచార్యులు తమలో నుండి ఎన్నుకున్న ప్రతినిధులతో ఒక పరిషత్తు ఏర్పడింది. నియమావళి, శాఖల ఏర్పాటు, ఖర్చు అన్నీ దాని ముందుకు రావలసిందే. అధ్యక్షుడు తన చేతిలోని అధికారాన్ని తానే తగ్గించుకున్నాడన్న మాట. ప్రతి సంవత్సరమూ ఒకే పాఠ్యక్రమం చదవవలసిన నిర్బంధం తొలగి, విద్యార్థులు విషయాలను ఎంచుకునే పద్ధతి 1919లో వచ్చింది. గానానికి, చిత్రలేఖనానికి, పత్రికారచనకు సంఘాలు వెలిశాయి. జూదం, వేశ్యాసంగమం, ఉంపుడుకత్తెలు వర్జించే నైతిక సంఘంలో 1918లో ఆచార్యులూ విద్యార్థులూ చేరారు. ద్వారాలు తెరచి ఉండేవి. చేరని విద్యార్థులు ఎందరో వచ్చి వెనుక వరుసల్లో కూర్చుని పాఠాలు వినేవారు. గ్రంథాలయాధికారి లీ దాజావ్ క్రింద నెలకు ఎనిమిది యువాన్ల జీతంతో పనిచేసిన మావో అనే హూనాన్ యువకుడు అలా విన్నవారిలో ఒకడు.

స్త్రీల ప్రవేశం విషయంలో ఆయన చూపిన నేర్పు గమనించదగ్గది. గాన్సూ రాష్ట్రం నుండి డెంగ్ చున్‌లాన్ అనే యువతి తనను చేర్చుకోమని 1919లో ఆయనకు లేఖ రాసింది. 1920లో తొమ్మిదిమంది స్త్రీలు మొదట పాఠాలు వినేవారుగా ప్రవేశించారు. ఆ శరత్కాలంలో స్త్రీలు పూర్తి విద్యార్థినులుగా చేరారు. ప్రభుత్వ అనుమతి ఏదని అడిగినవారికి, నిబంధనలలో పురుషులను మాత్రమే చేర్చుకోవాలని ఎక్కడా రాసిలేదు గనుక అనుమతి అడిగే అవసరమే లేదని సమాధానమిచ్చారు. అడిగితే ఫైలు ఎన్నేళ్ళు తిరిగేదో ఆయనకు తెలుసు.

1919 మే 4 నాటి ఉద్యమాన్ని గురించి చరిత్ర విద్యార్థులు చదివే ఉంటారు. షాన్‌టుంగ్ రాష్ట్రంలో జర్మనీకి ఉన్న హక్కులను వెర్సాయ్ సమావేశం జపానుకు కట్టబెడుతున్నదని తెలిసి, మూడువేల మందికి పైగా విద్యార్థులు పెకింగు వీథుల్లోకి వచ్చారు. ముప్పై ఇద్దరు అరెస్టయ్యారు. వారిని విడిపించే భారం తనదనీ, మిగిలినవారు తరగతులకు వెళ్ళాలనీ త్సాయ్ ఆ రాత్రే విద్యార్థులకు చెప్పారు. తక్కిన కళాశాలల అధ్యక్షులతో కలిసి అధికారుల ఇళ్ళ చుట్టూ తిరిగారు. 7వ తేదీన పిల్లలు విడుదలై వచ్చినపుడు ఎదురేగి స్వాగతం చెప్పారు. 9వ తేదీ తెల్లవారుజామున రాజీనామా వదలి నగరం నుండి మౌనంగా నిష్క్రమించారు. తాను ఉంటే ప్రభుత్వం విశ్వవిద్యాలయం మీదనే కత్తి దూస్తుందని ఆయన భావన. నాలుగు నెలల తరువాత, అందరి ఒత్తిడి మీద తిరిగి వచ్చారు. ఈ మధ్యకాలంలో విశ్వవిద్యాలయం మూతపడలేదు. ఆచార్యుల పరిషత్తు, తాత్కాలికంగా వచ్చిన జ్యాంగ్ మెంగ్‌లిన్ కలిసి నడిపించారు. ఆయన వదులుకున్న అధికారం ఆయన లేనప్పుడు పనికి వచ్చింది.

ఆయనను దేవతగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. 1922 అక్టోబరులో, సైక్లోస్టైల్ చేసి ఇచ్చే పాఠాల కాగితాలకు రుసుము విధించగా విద్యార్థులు గుమిగూడి కార్యాలయాన్ని చుట్టుముట్టారు. మృదుస్వభావి అని పేరుపడ్డ యాభై నాలుగేళ్ళ త్సాయ్ ఆనాడు చొక్కా చేతులు పైకి మడచి, పిడికిలి బిగించి, ధైర్యం ఉన్నవాడు ద్వంద్వయుద్ధానికి రావలసిందని గర్జించారు. గుంపు వెనక్కి తగ్గింది. త్సాయ్ రాజీనామా ఇచ్చారు, తరువాత ఉపసంహరించుకున్నారు. రుసుము రద్దయింది. ఆ గొడవకు ఒకే ఒక్క విద్యార్థిని బహిష్కరించారు. గెలిచిన తోటివారెవరూ ఆ బలిపశువును తలచుకోలేదని అక్కడి అధ్యాపకుడైన లూ షున్ కొద్ది వాక్యాల్లో రాశారు. ఇరవై ఏళ్ళ క్రితం సిరాబుడ్డి కోసం విద్యార్థులతో కలిసి నడిచి వెళ్ళిన మనిషి ఆ ఒక్కని కోసం ఎందుకు నిలబడలేదన్న ప్రశ్న నన్ను వెంటాడుతుంది.

1923 జనవరిలో ఒక మంత్రిని అన్యాయంగా నిర్బంధించినందుకు నిరసనగా త్సాయ్ మళ్ళీ పదవి వదలి ఐరోపాకు వెళ్ళారు. పేరుకు 1927 దాకా ఆయనే అధ్యక్షుడు. పదిన్నర సంవత్సరాల పదవిలో తాను నిజంగా కూర్చున్నది ఐదున్నర సంవత్సరాలేనని ఆయనే తరువాత లెక్క చెప్పుకున్నారు.

ఇంతకన్నా పెద్ద మచ్చ 1927 నాటిది. చియాంగ్ కై షేక్ నాయకత్వంలో జాతీయపక్షం కమ్యూనిస్టులను ఏరివేయ నిశ్చయించినపుడు, పార్టీ పర్యవేక్షక సంఘంలోని పెద్దగా త్సాయ్ దానికి సమ్మతించారు. విరుద్ధ భావాలకు చోటిచ్చిన మనిషి ఆ సంతకం ఎలా చేయగలిగారో బోధపడదు. ఏప్రిల్‌లో షాంఘై రక్తసిక్తమైంది. ఆ వేసవిలో వధింపబడిన వారిలో ఛెన్ దూష్యూ పెద్ద కుమారుడున్నాడు. హత్యలు ఇంత దూరం వెళ్తాయని ఆయన ఊహించలేదని సమర్థకులంటారు. ఊహించవలసిన బాధ్యత పెద్దలది.

శేషజీవితంలో ఆయన నడవడి దానికి ప్రాయశ్చిత్తంలా కనిపిస్తుంది. 1928లో స్థాపితమైన జాతీయ పరిశోధనా పరిషత్తుకు మరణించేవరకు అధ్యక్షులుగా ఉన్నారు. ఒక్కొక్క పదవిగా మిగిలినవన్నీ వదులుకున్నారు. 1932లో ఛెన్ దూష్యూ అరెస్టయితే, తన పార్టీ ప్రభుత్వంతోనే అతని కోసం విజ్ఞప్తి చేశారు. అదే సంవత్సరాంతాన సుంగ్ చింగ్‌లింగ్, లూ షున్ ప్రభృతులతో కలిసి రాజకీయ ఖైదీల రక్షణకు పౌరహక్కుల సంఘం స్థాపించారు. ఆరు నెలలు తిరగకముందే సంఘ కార్యదర్శి యాంగ్ షింగ్‌ఫోను షాంఘై వీథిలో కాల్చి చంపారు. ఆయన త్సాయ్‌కి పరిశోధనా పరిషత్తులో కుడిభుజం. ఆ అంత్యక్రియలకు వెళ్ళడం ప్రాణాపాయం. త్సాయ్ వెళ్ళారు.

డెబ్బై ఏళ్ళు సమీపించినా ఆయనకు సొంత ఇల్లు లేదు. పుస్తకాలు నాలుగు నగరాల్లో చెల్లాచెదురుగా ఉండేవి. శిష్యులూ మిత్రులూ 1935లో చందాలతో ఒక ఇల్లు కట్టి ఇవ్వాలని నిశ్చయించారు. 1937లో జపాన్ దండయాత్రతో ఆ ఇల్లు కాగితం మీదనే మిగిలింది. ఆయన హాంకాంగ్ చేరి అద్దె ఇంట్లో తలదాచుకున్నారు. 1940 మార్చి 3న ఇంట్లో జారిపడి, 5వ తేదీన మరణించారు. ఆసుపత్రి బాకీ తీరలేదు. వేలాదిమంది ఆయన శవయాత్రలో నడిచారు. ఆనాటికి పెకింగ్ విశ్వవిద్యాలయం కూడా తన నగరంలో లేదు. యుద్ధం తరిమివేయగా, మరి రెండు విశ్వవిద్యాలయాలతో కలిసి, దూరాన కున్‌మింగ్ పట్టణంలో తరగతులు నడుపుకుంటున్నది. దాని పెద్దల్లో ఒకరు జ్యాంగ్ మెంగ్‌లిన్. త్సాయ్ సమాధి హాంకాంగులోని ఆబర్డీన్ శ్మశానవాటికలో, కొండవాలున ఉన్నది.